నాలుగో నంబరు ట్యూబు

మార్చి 3, సోమవారం

ల్యాబు నోటుబుక్కులో తప్పు రాస్తే ఆ తప్పు కనబడేలాగే కొట్టేయాలి, పక్కన సంతకం పెట్టాలి. అందుకే ఈ పుస్తకం వేరే కొన్నాను. ఇందులో సంతకం అడిగేవాళ్ళు లేరు.

నెలలో మొదటి సోమవారం, రక్తాల రోజు. బావమరిది పొద్దున ఆరున్నరకే ల్యాబుకు వచ్చాడు. ఈ బిల్డింగులో లిఫ్టులన్నీ వాడి చేతికిందివే కాబట్టి ఏ వేళప్పుడు ఏ అంతస్తులో కనబడినా ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. గ్రీజు చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి లాగాడు.

"తొందరగా కానీ బావా. మూడో లిఫ్టు మళ్ళీ అలిగింది."

"మీ అక్క బుద్ధులొచ్చాయేమో దానికి."

"అక్కతో చెప్తా ఉండు."

ఒక ట్యూబు తీశాను. దాని మీద 4 అని రాశాను. కాగితాల ప్రకారం నాలుగో నంబరు ఆరోగ్యవంతుడిని నేను. రక్తం మాత్రం రెండేళ్ళుగా వాడిది. ఈ మాట ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని రాశాను. బాగాలేదు.

సాయంత్రం మెషీను తెర మీద చూస్తే ఒకటి, రెండు, మూడు, ఐదు నంబర్లు ఎప్పటిలాగే కుడివైపు గుట్టలుగా పడ్డాయి. నాలుగోది ఎడమకు జరిగింది. క్యాన్సర్ పేషెంట్ల గుట్టలు పడే చోట పడింది.

మెషీను చూసే అమ్మాయిని అందరం అనుమానం అంటాం. అద్దంలో తన మొహం కూడా రెండుసార్లు సరిచూసుకునే రకం. "సార్, ఒంట్లో బాగానే ఉందా మీకు?" అంది నవ్వుతూ. నేనూ నవ్వాను. ఏడవలేక నవ్వడమంటే ఏమిటో నలభై ఏడేళ్ళకు తెలిసింది.

రంగు మందు పాతదై ఉంటుంది. ఆ సీసా జనవరిలో తెరిచింది.

మార్చి 4, మంగళవారం

కొత్త సీసా తెరిచి మళ్ళీ చేశాను. అదే చోట పడింది. అసలు పాత సీసాయే తప్పయితే మిగతా నాలుగు ట్యూబులూ ఎందుకు బాగున్నాయి? ఈ ప్రశ్న నిన్ననే తట్టాల్సింది. తట్టింది కూడా.

మార్చి 5, బుధవారం

ట్యూబుకు ఎండ తగిలి ఉంటుంది. మా ల్యాబులో కిటికీ లేదు.

మార్చి 7, శుక్రవారం

వాడు భోజనానికి వచ్చాడు. వారంలో నాలుగు రోజులు మా ఇంట్లోనే తింటాడు. రెండు వీధుల అవతల గది ఉంది గానీ అందులో వాడికంటే స్పానర్లే ఎక్కువ. వాళ్ళమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, మా ఆవిడకు పదిహేను. వాడికి జడ వేయలేదన్న మాటే గానీ మిగతా అన్నీ చేసింది. ఇప్పటికీ "చిన్నోడా" అంటుంది. చిన్నోడికి ముప్పై ఎనిమిది.

ఈరోజు వాడు తింటున్నంతసేపూ చూశాను. రెండోసారి వడ్డించబోతే పళ్ళానికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎప్పుడూ లేనిది. "డైటింగారా?" అని మా ఆవిడ వేళాకోళమాడింది. "నీ వంట అలా ఉంది మరి," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. వాడి బెల్టుకు కొత్త చిల్లు ఒకటి ఉంది, మేకుతో పొడిచినట్టు వంకరగా.

బెల్టులు వదులవుతాయి. తోలు సాగుతుంది.

రక్తం సంగతి కూడా రాసేస్తాను, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. రెండేళ్ళ కిందట మా ల్యాబు నడిపే మేడమ్ ఈ ఏర్పాటు చేసింది. క్యాన్సర్ పేషెంట్ల రక్తం పక్కన పెట్టి పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం కావాలి. ల్యాబులో పనిచేసే ఐదుగురం నెలనెలా తలా ఒక ట్యూబు ఇవ్వాలి, అంతే. ఐదుగురం ఒప్పుకుని సంతకాలు పెట్టాం. అందరికీ సూది గుచ్చేది నేనే. పదిహేనేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో చేసిన పని. పసిపిల్లలకు కూడా ఏడవకుండా తీస్తాను. "మరి మీది?" అని అడిగితే, "నాది నేనే పొద్దున్నే తీసుకుంటా" అని గొప్పగా చెప్పాను.

మొదటి సోమవారం తీసుకోబోయాను. నా చర్మంలోకి సూది దిగడం చూశాను, అంతే గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి నేల మీదున్నాను, గడ్డం చీరుకుంది, పైన బావమరిది మొహం. లిఫ్టు చూడటానికి వచ్చాడట. సంగతి విని, గోడకు ఆనుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. నవ్వడం అయ్యాక చొక్కా చెయ్యి పైకి లాగాడు.

"నాది తీసుకో. ఎవడి రక్తమైతే ఏంటి, ఎర్రగానే ఉంటుందిగా."

నిజానికి రక్తాల మనిషి రక్తం చూసి పడిపోయాడని తెలిస్తే మహా అయితే వారం రోజులు నవ్వేవాళ్ళు. ఆ వారం నవ్వుకు భయపడ్డాను.

ఆరోజే అడిగాడు, నా రక్తంతో ఏం చేస్తారు బావా అని. చెప్పాను. ఒంట్లో ఏ కణానికైనా కష్టం వస్తే, అది వేడి కానీ వైరస్ కానీ క్యాన్సర్ కానీ, ఆ కణం తన ఒంటిమీద ఒక గుర్తు బయటపెడుతుంది. రక్తంలో తిరిగే కిల్లర్ సెల్స్‌కు ఆ గుర్తును పట్టుకునే చేతులుంటాయి. గుర్తు చేతికి తగిలిందా, ఆ కణం పని అయిపోయినట్టే.

"లిఫ్టులో ఇరుక్కున్నవాడు అలారం నొక్కినట్టు," అన్నాడు. "కాకపోతే మేం పోయి బయటికి లాగుతాం. మీవాళ్ళు పోయి చంపేస్తారు."

"అంతే. కానీ క్యాన్సర్ గడుసుది. ఒంటిమీద గుర్తులు తెంపి రక్తంలోకి విసిరేస్తుంది. ఎక్కడ చూసినా గుర్తులే. కిల్లర్ సెల్స్ వాటిని పట్టుకుని పట్టుకుని విసిగిపోయి చేతులు లోపలికి లాక్కుంటాయి. ఆ చేతులు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడమే నా పని."

వాడు చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. "మా దగ్గరా అంతే. అలారం ఊరికే మోగుతూ ఉంటే చివరికి మేమే తీగ పీకేస్తాం. తర్వాత నిజంగా ఎవడన్నా ఇరుక్కున్నా వినబడదు."

ఐదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

మార్చి 10, సోమవారం

ఇది పని మీద చేసింది కాదు. ఎవరూ అడగలేదు. నాలుగో ట్యూబులో కణాలు తీసేశాక మిగిలిన ప్లాస్మా ఫ్రిజ్‌లో కొంచెం ఉంది. దాన్ని అనుమానం కణాల మీద పోశాను. ఆమె రెండో నంబరు, ఆమె కిల్లర్ సెల్స్ అందరికంటే చురుకైనవి. పక్క గిన్నెలో అవే కణాల మీద ఐదో నంబరు ప్లాస్మా పోశాను. రెండూ వెచ్చటి పెట్టెలో పెట్టి ఇంటికి వచ్చాను.

తప్పు మెషీనులో ఉంటే రేపు రెండు గిన్నెలూ ఒకేలా ఉంటాయి. ఒకేలా ఉండాలి.

మార్చి 11, మంగళవారం

ఒకేలా లేవు.

ఐదో నంబరు ప్లాస్మాలో నానినవి బాగున్నాయి. నాలుగో నంబరు ప్లాస్మాలో నానినవి ఒక్క రాత్రిలో చేతులు లాగేసుకున్నాయి. నిన్నటిదాకా కనబడినదాన్నల్లా చంపిన కణాలు. ఆ పక్కనే క్యాన్సర్ కణాలు వేసి నాలుగు గంటలు చూశాను. పక్కింట్లో దొంగలు పడితే దుప్పటి కప్పుకున్నవాళ్ళలా ఊరికే ఉన్నాయి.

వాడి రక్తంలో ఏదో ఉంది.

 అనుమానం నా వెనక్కి వచ్చి "ఏంటి సార్ చేస్తున్నారు?" అంది. గిన్నెలు చెత్తలో పారేశాను.

మార్చి 12, బుధవారం

జలుబు చేసినా ఇలా అవుతుంది. కొన్నిసార్లు. పుస్తకంలో ఉంది.

మార్చి 13, గురువారం

"ఈమధ్య జలుబేమైనా చేసిందారా?"

"నాకా? లేదే."

"జ్వరం?"

"లేదు బావా. ఏం, నీకు చేసిందా?"

పోనీ చేసిందని అబద్ధమైనా చెప్పొచ్చుగా వెధవ.

మార్చి 14, శుక్రవారం

అనుమానం ఊరుకునే రకం కాదని నాకు తెలుసు. పాత ఫైళ్ళన్నీ తీసి నాలుగో నంబరు ఒక్కదాన్నీ వరుసగా గీసి మేడమ్‌కు చూపించింది. మేడమ్ నన్ను పిలిచి తలుపు వేసింది. అయిపోయింది, దొరికిపోయాననుకున్నాను. 

మేడమ్ గొంతు మాత్రం మెత్తగా ఉంది. ఆమె అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"కూర్చోండి. నేను చెప్పేది వినండి, కంగారు పడకండి. ఈ పరీక్ష రోగం చెప్పేది కాదు, మీకూ తెలుసు. సవాలక్ష కారణాలుండొచ్చు. కానీ నాలుగో నంబరు అంకెలు నాకు నచ్చలేదు. మీరు ఒకసారి పూర్తిగా చూపించుకోండి. స్కాన్లకు నేను ఫోన్ చేసి చెప్తాను."

ఆమె నా గురించి భయపడుతోంది. నా గురించి.

అప్పుడు చెప్పాల్సింది. "మేడమ్, అది నేను కాదు," అనాలి. నాలుగు మాటలు. నోరు తెరిచాను కూడా. "థాంక్స్ మేడమ్" అని వచ్చింది.

మార్చి 15, శనివారం

నేను దాస్తానేమోనని మేడమ్ మా ఆవిడకు కూడా ఫోన్ చేసిందట. పొద్దున్నుంచి ఇంట్లో ఒక్క గిన్నె చప్పుడు లేదు. నా పక్కన కూర్చుని నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. "మీకేం కాదు," అని నాకు చెబుతోందో తనకు చెప్పుకుంటోందో తెలియలేదు. బావమరిది పరిగెత్తుకుని వచ్చాడు, మెట్లెక్కి వచ్చి ఆయాసంతో మంచం మీద కూలబడ్డాడు.

"బావా, డబ్బులకు చూడకు. ఏ పరీక్షైనా చేయించు. నేనున్నాను."

మా ఇంటికి మెట్లు పద్నాలుగు.

మార్చి 18, మంగళవారం

నాకు స్కాన్లు. వాళ్ళు రక్తం తీసేటప్పుడు మొహం అటు తిప్పుకుని పడుకున్నాను, అందుకని పడిపోయే పని లేకపోయింది. బావమరిది సెలవు పెట్టి నాతో వచ్చాడు. బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాడు. అద్దంలోంచి చూస్తే నడుం కుడిపక్క చేత్తో నొక్కుకుంటున్నాడు. నేను బయటికి రాగానే చెయ్యి తీసేశాడు.

వాణ్ణి లోపలికి పంపి నేను బెంచీ మీద కూర్చోవాల్సింది.

మార్చి 20, గురువారం

నా రిపోర్టు బాగుంది. తల నుంచి కాలి వరకు ఎక్కడా ఏమీ లేదు. కొవ్వు కాస్త తగ్గించుకోమన్నారు.

మేడమ్ పెద్ద ఊపిరి వదిలింది. "హమ్మయ్య. ఏదో చిన్న ఇన్‌ఫెక్షన్ అయివుంటుంది. ఏప్రిల్ రక్తం చూద్దాం." అనుమానం నా బల్ల మీద ఒక పెద్ద చాక్లెట్ పెట్టింది. ఇంట్లో మా ఆవిడ వారంగా బిగపట్టిన ఏడుపంతా ఏడ్చి, మొహం కడుక్కుని, నాకిష్టమైనవన్నీ వండింది. బావమరిది అందరికంటే ఎక్కువ సంతోషపడ్డాడు. "నేను చెప్పలా? దున్నపోతులా ఉంటాడు మా బావ." పళ్ళెంలో మాత్రం సగం వదిలేశాడు.

ముగ్గురం చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నాం. ఒక నిమిషం నేను నిజంగానే సంతోషించాను. నిజంగా ఏ గండమో గడిచినట్టే అనిపించింది.

మార్చి 21, శుక్రవారం

నా రిపోర్టు బాగుంది.

మార్చి 22, శనివారం

నా రిపోర్టు బాగుండటం వల్ల వాడికేమీ ఒరగదు. రాసుకుంటే గానీ ఈ మాట నాకు బుర్రకెక్కడం లేదు.

మార్చి 24, సోమవారం

అనుమానం గీసిన గీత అడిగి తీసుకున్నాను. నిరుడు సెప్టెంబరు వరకు చెక్కుచెదరలేదు. సెప్టెంబరులో కొంచెం దిగింది. అక్టోబరులో ఇంకొంచెం. డిసెంబరు నుంచి నెలనెలా ఇంకా దిగింది, ఏ నెలకా నెల చూస్తే కనబడనంత కొద్దిగా. నవంబరు చోట చుక్క లేదు.

"నవంబరు ఏమైంది?" అన్నాను.

"మీరే తీసేశారు సార్. ‘ట్యూబు వేడెక్కింది, లెక్కలోకి తీసుకోవద్దు’ అని రాసి సంతకం పెట్టారు."

నోటుబుక్కు తీసి చూశాను. నా రాతే, నా సంతకమే. ఆరోజు తొందరగా ఇంటికి వెళ్ళాలి కాబట్టి మళ్ళీ చేసే ఓపిక లేక రాసి ఉంటాను. ఆ సంతకం కింద వాడి ప్రాణం ఉందని ఎవడికి తెలుసు.

నాకు తెలియాలి. తెలుసుకోవడానికే కదా నాకు జీతం.

మార్చి 26, బుధవారం

చెప్పడానికే వాడి గదికి వెళ్ళాను. ఏదో మోటారు విప్పి నేలంతా పరిచాడు, కూర్చోవడానికి చోటు లేదు. "రా బావా" అని ఒక డబ్బా బోర్లించాడు. గదిలో కిటికీ గురించి, ఇంటి ఓనరు గురించి, మూడో లిఫ్టు గురించి మాట్లాడాం. వచ్చేశాను.

చెబితే రెండు జరుగుతాయి. వాడికి వైద్యం మొదలవుతుంది. నా ఉద్యోగం పోతుంది. సంతకం నాది, రక్తం ఇంకొకడిది. రెండేళ్ళ నాలుగో నంబరు లెక్కలన్నీ చెత్తబుట్టకే. మేడమ్ రాసిన రెండు పేపర్లు వెనక్కి తీసుకోవాలి. మా ఆవిడ సంగతి ఇందులో రాయను. తమ్ముడి గురించి తెలిసీ ఆరోజు ఆమె వండింది తిన్నాను.

ఇంతా రాశాక చూస్తే త్రాసులో ఒకవైపు ప్రాణం, ఇంకోవైపు ఉద్యోగం. దీనికి ఆలోచన ఎందుకని ఎవడైనా అడుగుతాడు. నేనూ అడుగుతున్నాను. అడుగుతూనే ఇంట్లో కూర్చున్నాను.

మార్చి 28, శుక్రవారం

అడ్డదారి ఒకటి తొక్కి చూశాను. "నాకు చేసినట్టే నీకూ ఒకసారి స్కాన్ చేయిద్దాంరా, మన ఇంట్లో అందరికీ మంచిది," అన్నాను.

"నాకెందుకు బావా? గుండ్రాయిలా ఉన్నాను."

సరే అన్నాను. ఆ సరేలో ఎంత హాయి ఉందో. నేను అడిగాను, వాడే వద్దన్నాడు.

ఒక్క నెల లెక్క చూసి ఎవరూ ఏదీ తేల్చరు. మా పనిలో మొదటి పాఠం అది. ఏప్రిల్ 7 వరకు ఆగి, మళ్ళీ తీసి, అప్పుడు చూస్తాను. శాస్త్రం ప్రకారం ఇదే సరైన పద్ధతి.

ఏప్రిల్ 1, మంగళవారం

ఒక్క నెల లెక్క కాదు. ఏడు నెలలది. గీత నా సొరుగులోనే ఉంది.

ఏప్రిల్ 7, సోమవారం

ఆరున్నరకు వచ్చాడు. చేతికి రబ్బరు పట్టీ కడితే ఎప్పటికంటే ఒక చుట్టు ఎక్కువ తిరిగింది. వాడి చెయ్యి నా చేతుల్లో రెండేళ్ళుగా ఉంది. ఆ చెయ్యి ఎంత లావుండేదో నాకంటే తెలిసినవాడు లేడు. చూస్తూ చూస్తూ చూడలేదు.

"ఏంటి బావా, నరం దొరకలేదా?"

"దొరికింది."

సూది గుచ్చాను. జీవితంలో మొదటిసారి ఒకడికి సూది గుచ్చుతుంటే నా కళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నానికే లెక్క వచ్చింది. ఎడమకు, ఇంకా ఎడమకు. పేషెంట్లలో కూడా అక్కడ పడేవాళ్ళు తక్కువ.

ఏప్రిల్ 8, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండు గంటలకు బిల్డింగు పైకి, లిఫ్టు మోటార్లుండే గదికి వెళ్ళాను. వాడు నేల మీద కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. పని చేయడం లేదు. నన్ను చూసి లేవబోయాడు. లేవొద్దన్నాను.

"నీ రక్తంలో తేడా ఉందిరా."

"ఎలాంటి తేడా?"

"కిల్లర్ సెల్స్ చేతులు లాగేసుకున్నాయి. ఒంట్లో ఎక్కడో ఏదో ఉండి ఉండాలి. ఏంటో ఈ పరీక్ష చెప్పదు. కానీ ఉంది."

మోటారు ఒకటి గిర్రున తిరిగి ఆగింది. కింద ఎవరో ఏదో అంతస్తులో దిగి ఉంటారు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మార్చి మూడున."

తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. వాడు చేతిలో గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"నడుం కుడిపక్క నొప్పి బావా. చలికాలం ముందు నుంచే ఉంది. పక్క తడిసేంత చెమటలు. రెండుసార్లు మూత్రంలో ఎరుపు కూడా చూశాను."

"మరి డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదురా ఇన్నాళ్ళూ?"

వాడు నావైపు చూశాడు. ఇంత చిన్న విషయం నాకెందుకు తెలియదన్నట్టు చూశాడు.

"ఎందుకు పోవాలి? నెలనెలా నువ్వు నా రక్తం చూస్తున్నావుగా. ఏమన్నా ఉంటే బావ చెప్పడా అనుకున్నా."

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

రక్తం ఇచ్చినందుకు ఒక్కనాడూ వాడు నన్ను ఏమీ అడగలేదు. నేను చూస్తున్నాననే ధైర్యం ఒక్కటే తీసుకున్నాడు. అదైనా నేను ఇవ్వలేదు.

వాడే నా భుజం తట్టాడు. "సరే లే, లే. రేపు పోదాం. నీ సంగతి అక్కకు చెప్పకు. నడుం నొప్పని నేనే డాక్టరు దగ్గరికి పోయానని చెప్తా. నీ ఉద్యోగం కూడా పోతే నా మందులెవడు కొంటాడు?"

ఈ స్థితిలో వాడు నన్ను కాపాడుతున్నాడు. వద్దనాలి. సరే అన్నాను.

ఏప్రిల్ 9, బుధవారం

కుడి కిడ్నీలో కణితి. నారింజకాయంత.

ఏప్రిల్ 10, గురువారం

మా ఆవిడకు వాడే చెప్పాడు, అనుకున్నట్టే, నడుం నొప్పి కథ. ఆమె ఏడవలేదు. వాడి బట్టలు సంచీలో సర్దింది, తీసి మళ్ళీ సర్దింది. "మొన్న మీ గండం తప్పింది, ఇప్పుడు వీడికి," అంది నాతో. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

రేపు పెద్ద డాక్టరు దగ్గరికి ముగ్గురం. భయంగా ఉంది. ఎవరి గురించి భయమో ఇన్నాళ్ళూ తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు వాడి గురించే.

ఏప్రిల్ 11, శుక్రవారం

డాక్టరు ముసలాయన, తొందరలేని మనిషి. వాడు ఆయన ఎదురుగా, వాడి పక్కన మా ఆవిడ, చివర నేను. ఆమె వాడి చెయ్యి పట్టుకునే ఉంది. ఆయన ఫిల్ములు దీపానికి పెట్టి చూసి, కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఇది ఎంత వేగంగా పెరుగుతోందో నాకు తెలియాలి. దాన్ని బట్టే ముందు ఆపరేషనా, ముందు మందులా అనేది. నెమ్మదిగా పెరిగేదైతే ఒక దారి, చూస్తుండగా పెరిగేదైతే ఇంకో దారి. బాగా గుర్తు చేసుకుని చెప్పు. ఎప్పటినుంచి?"

"నెల నుంచి సార్," అన్నాడు వాడు. "మార్చి మొదట్లో నడుం పట్టేసింది. దానికి ముందు ఏమీ లేదు."

నావైపు చూడలేదు. చూస్తే నేనెక్కడ బయటపడతానో అని. డాక్టరు ‘ఒక నెల’ అని రాశాడు. "నెలలో ఇంతంటే..." అని తల పంకించి, కాగితం మీద వేరే వైపు ఏదో రాయబోయాడు.

నేను నా గొంతు విన్నాను.

"నెల కాదు డాక్టరు గారూ. సెప్టెంబరు నుంచి. ఏడు నెలలు."

"బావా," అన్నాడు వాడు నెమ్మదిగా.

"మీకెలా తెలుసు?" అన్నాడు డాక్టరు.

మా ఆవిడ నావైపు తిరిగింది. అడిగింది డాక్టరైనా జవాబు ఆమెకే చెప్పాను. నాలుగో నంబరు ట్యూబు, సంతకం నాది, రక్తం వీడిది, నెలనెలా నేనే తీశాను, సెప్టెంబరు నుంచి లెక్క పడిపోతూ ఉంది. నవంబరులో నేనే కొట్టేశాను. మార్చి మూడున నాకు తెలిసింది. అంతవరకు చెప్పి ఆగాను. మార్చి మూడుకూ ఈరోజుకూ మధ్య ఏం జరిగిందో ఆమెకు తెలుసు. ఆ రోజులన్నీ ఆమె నా పక్కనే ఉంది, నా గురించి ఏడుస్తూ.

వాడు తల వంచుకున్నాడు. డాక్టరు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మా ఆవిడ చాలాసేపు నన్ను చూసింది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఈయనెవరో అన్నట్టు చూసింది. తర్వాత వాడి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుని, నాతోనే అంది.

"ఏ నెలలో ఎంత పడిందో అన్నీ చెప్పండి. ఆయన రాసుకుంటారు. మన సంగతి తర్వాత."

సెప్టెంబరు నుంచి మొదలుపెట్టి చెప్పాను.